మదనపల్లెకు వచ్చిన ఐర్లాండు ఆడపడుచు

ఐర్లాండు వాళ్లు అమెరికా పడమటి దిక్కుకు వలసపోయి, గుర్రాలెక్కి, బంగారం తవ్వి, తుపాకులు పేల్చిన కథలంటే మా ఇంట్లో మగపిల్లలకు ప్రాణం. మావారూ వాళ్లకేం తీసిపోరు. ఆ సినిమాలు చూసినప్పుడల్లా నాకొకటే సందేహం, అక్కడి ఆడవాళ్లు ఏం చేస్తుంటారా అని. రొట్టెలు కాలుస్తారు, గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటారు, అంతే!

పాపం ఐర్లాండు వాళ్లు సరదాకు పోలేదు లెండి. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి లక్షల మంది ఆకలితో పోయారు, లక్షల మంది ఓడలెక్కారు. కరువంటే ఏమిటో మా అనంతపురం వాళ్లకు వేరే చెప్పాలా? ఇక్కడి ధాత కరువు 1876లో మొదలై 1878 దాకా ఊళ్లను ఊడ్చేసింది. ఆ 1878లోనే ఐర్లాండులో బాయిల్ అనే ఊళ్లో మార్గరెట్ గిలెస్పీ పుట్టింది. అందరూ పడమటికి పోతుంటే ఈవిడ తూర్పుకొచ్చింది. చేరింది ఎక్కడికనుకున్నారు? మేం కదిరి మీదుగా బస్సెక్కి పోయే మదనపల్లెకు!

సంగీతం చదువుకున్న మనిషి. 1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్లాడింది. ఆడవాళ్లకు ఓటు కావాలని 1910లో లండన్‌లో ప్రధానమంత్రి ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టి నెల్లాళ్లు జైల్లో ఉంది. 1913లో డబ్లిన్‌లో మళ్లీ అద్దాలు, మళ్లీ జైలు, ఈసారి నిరాహార దీక్ష కూడా. మనింట్లో గాజుగ్లాసు పగిలితే రెండు రోజులు చెప్పుకుంటాం!

1915లో దంపతులు మద్రాసు వచ్చారు. అనీబిసెంట్ పత్రికలో ఆయనకు ఉద్యోగం. మరుసటేడు డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాశాడు, ఉద్యోగం ఊడింది. బిసెంటమ్మే ఆయన్ని మదనపల్లె కాలేజీకి పంపింది. అలా ఒక్క వ్యాసం పుణ్యాన మార్గరెట్టమ్మ రాయలసీమకు దక్కింది.

మదనపల్లెలో ఆడవాళ్ల సమాజం ఒకటి నడిచేది. దాని పేరు అబలాభివర్ధనీ సమాజం. జైలుకెళ్లొచ్చిన మనిషి కూర్చున్న సభకు ఆ పేరు! 1917లో అడయారులో భారత మహిళా సంఘం పుట్టడానికి ఇక్కడి అనుభవం పనికొచ్చింది. ఆ ఏడే ఇండియా మంత్రి మాంటేగు మద్రాసు వస్తున్నాడని తెలిసి, ఆడపిల్లల చదువు గురించి చెప్పుకుంటామని అడిగారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు. సరే, రాజకీయమే కానిమ్మని మార్గరెట్టమ్మ ఓటు సంగతి కలిపింది! డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నడిచి ఆ కోరిక వినిపించింది. 1921లో మద్రాసు శాసనసభ ఆడవాళ్లకు ఓటిచ్చింది. ఆస్తి ఉన్నవాళ్లకేలెండి. ఆస్తి ఎందరి పేర ఉండేదో మీకు తెలియనిదా?

1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లె వచ్చి జనగణమన పాడితే ఆ స్వరాలు కాగితం మీద పెట్టిందీ ఈవిడే. పాటా బాణీ ఆయనవే, రాసి ఉంచిన చెయ్యి ఈవిడది. బడిపిల్లలకు ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండును. తర్వాత మేజిస్ట్రేటయింది. మన దేశంలో ఆ పదవి ఎక్కిన మొదటి ఆడమనిషి. 1932లో సర్కారు ఆర్డినెన్సులకు ఎదురుమాట్లాడి వేలూరు జైలుకెళ్లింది. మేజిస్ట్రేటు చేసిన మనిషే ముద్దాయి!

ఆ తర్వాత పక్షవాతం వచ్చి మంచాన పడింది, 1954లో పోయింది. పోయేలోగా 1951–52 ఎన్నికలు జరిగాయి. ఆస్తితో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఓటు. కానీ ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పలేదని దేశం మొత్తమ్మీద 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి కొట్టేశారు.

మా ఇంటెదురు అవ్వ ఉందే, ఓటరు స్లిప్పు తెచ్చిన పిల్లాడు పేరు అడిగితే ఇప్పటికీ, "మా చిన్నోని అమ్మ అని రాసుకో నాయనా" అంటుంది.