లోటాలో పాలు, గిన్నెలో పాలు

మా తిరుపతిలో స్వామి దర్శనానికైనా క్యూలో నిలబడాలి, ఎల్కేజీ సీటుకైనా నిలబడాలి. మొదటి క్యూ చివర లడ్డూ దొరుకుతుంది. రెండోదాని చివర హోమ్‌వర్కు దొరుకుతుంది.

మా మనవడికి నాలుగేళ్లు నిండి రెండు నెలలయింది. వాడి పుస్తకంలో వారానికి మూడుసార్లయినా ఎర్రసిరాతో ఒకే మాట: "చేతిరాత బాగుపడాలి". నాలుగేళ్లవాడికి చేతిరాత ఏమిటండీ! మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తాయి. ఆ వయసు పిల్లలు కొందరు ఇంకా పెన్సిలును పిడికిట్లోనే పట్టుకుంటారు. మూడువేళ్ల పట్టు కుదిరేసరికి ఐదారేళ్లొస్తాయి.

పాతకాలంలో అక్షరాభ్యాసం ఐదో ఏట చేసేవారు. అదీ పెన్సిలుతో కాదు, పళ్లెంలో బియ్యం పోసి చూపుడువేలితో. వేలితో దిద్దడానికి పట్టుతో పనిలేదు. ఆలోచించే చేశారో, అలవాటుకొద్దీ చేశారో గానీ, లేతచేతికి అంతకన్నా అనువైన పలక మరొకటి నాకు తోచదు. మనమూ విజయదశమికి బియ్యంలో దిద్దిస్తాం. ఫోటోలు తీసుకుంటాం. మర్నాడు నాలుగుగీతల పుస్తకం ముందు పెట్టి కూర్చోబెడతాం. మావాడు పోయిన నెలలో పెన్సిలు డబ్బాను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచేశాడు. రెండు రోజులు ఇల్లంతా వెతికాం.

చెయ్యి సంగతి అలా ఉంచండి. బుద్ధికీ మెట్లున్నాయంటారు. స్విట్జర్లాండులో జాఁ పియాజే (1896–1980) అని ఒకాయన తన ముగ్గురు పిల్లల్నీ పసితనం నుంచి గమనిస్తూ పుస్తకాలు రాశాడు. మన అవ్వలందరూ చేసిన పనే అది, రాయడం ఒక్కటి తప్ప. ఆయన చేసిన పరీక్ష ఒకటి మీ ఇంట్లోనే చేసి చూడండి, పైసా ఖర్చులేదు. రెండు లోటాల్లో సమానంగా పాలు పోసి మావాడికి చూపించాను. సమానమే అన్నాడు. వాడి కళ్లముందే ఒక లోటాలో పాలను వెడల్పాటి గిన్నెలో వంపాను.

"ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయిరా?"

"లోటాలో. నాకు లోటానే కావాల అవ్వా!"

పక్కనే ఉన్న ఎనిమిదేళ్ల అక్కకు నవ్వాగలేదు. "ఆ పాలే గదరా గిన్నెలో పోసింది? ఎట్ట తగ్గతాయి?" అంది. మూడుసార్లు వంపి చూపించింది. వాడు లోటా వదల్లేదు. కళ్లకు ఎత్తుగా కనిపిస్తున్నది తక్కువ ఎలా అవుతుందని వాడి వాదం. దాదాపు ఏడేళ్లు వస్తేగానీ ఈ చిక్కు విడిపోదని పియాజే లెక్క. "రెండూ సమానమే" అని వాడిచేత రోజూ వల్లె వేయించవచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చెప్పి, లోటాకే చెయ్యి చాస్తాడు!

అంకెలదీ అదే కథ. వందదాకా గడగడా అప్పజెప్పేవాణ్ని ఏడు చింతగింజలు తెమ్మంటే గుప్పెడు తెచ్చాడు.

అయితే ఈ మెట్లు రైళ్ల టైంటేబులు కావు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఇలాంటి ప్రశ్నల్నే ఆటలో పెట్టి అడిగితే ఇంకా చిన్నపిల్లలు కూడా సరిగ్గా చెప్పడం చూశారు. వయసుతోపాటు మనం అడిగే తీరునుబట్టి కూడా ఉంటుందన్నమాట.

"అట్లని వదిలేస్తే మిగతా పిల్లలకన్నా వెనకబడిపోడా అత్తా?" అంటుంది మా కోడలు. ఆమె భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. క్లాసంతా ఒకేరోజు ఒకే పేజీ తిప్పేచోట ఆగినవాడు వెనకబడ్డట్టే లెక్క.

అలా తిప్పకుండా బడి నడపొచ్చని చూపించింది మన సీమవాళ్లే. మా అక్కయ్యది మదనపల్లెలో కాపురం. ఆ సంగతి మొదట ఆమె నోటే విన్నాను. మదనపల్లె దగ్గర, జిడ్డు కృష్ణమూర్తిగారి రిషివ్యాలీ బడివాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్నచిన్న బళ్లు పెట్టారు. పద్మనాభరావు, రమ దంపతులు వాటికోసం ఒక పద్ధతి తయారుచేశారు. ఒకే గది, ఒకే మాస్టారు, ఒకటినుంచి ఐదుదాకా అన్ని తరగతుల పిల్లలూ అందులోనే. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి బొమ్మల కార్డులుగా మార్చారు. ఏ కార్డు తర్వాత ఏది చెయ్యాలో నిచ్చెనలా గీసి గోడకు తగిలించారు. పిల్లవాడే తన మెట్టు చూసుకుని తన కార్డు తీసుకుంటాడు. కొన్ని మాస్టారి దగ్గర కూర్చుని చెయ్యాలి, కొన్ని తోటిపిల్లలతో, కొన్ని ఒంటరిగా. నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. చెనక్కాయలు పెరికే రోజుల్లో అమ్మానాన్నల వెంట చేనికెళ్లి బడి ఎగ్గొట్టిన పిల్ల, తిరిగొచ్చి ఆగిన మెట్టునుంచే ఎక్కుతుంది. పోయిన పాఠమంటూ ఉండదు.

కర్ణాటకలో 1995లో మొదలైన నలి-కలికి దారి ఇక్కడే దొరికింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు ఇదే బాటపట్టాయి, 2007నుంచి తమిళనాడంతటా పాకింది. మనదగ్గర పుట్టినది పొరుగువాళ్లకు ముందు ముద్దయింది. ఇంట్లో కరివేపాకు చెట్టున్నవాళ్లకి దాని విలువ తెలియనట్టు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడునుంచి ఎనిమిదేళ్లదాకా ఒకే దశ అనీ, అందులో ఆటపాటలతోనే చదువు చెప్పాలనీ రాసింది. కాగితం మీద చక్కగానే ఉంది.

కోడలు ట్యూషను మాన్పించింది. హోమ్‌వర్కు మాన్పించే ధైర్యం ఇంకా రాలేదు. సోమవారం టీచరమ్మతో మాట్లాడతానంటోంది. పాపం, ఆ అమ్మాయికి మాత్రం నలభైమంది పిల్లలు, పైన యాజమాన్యం, కింద మాలాంటి అవ్వలు. నేనూ వెంట వెళ్తున్నాను. సంచిలో రెండు లోటాలు, ఒక గిన్నె పెట్టుకోనా అంటే కోడలు వద్దంటోంది. ఇంకా తేలలేదు.