బంతి చేతికి రావాలంటే

పిల్లలు స్కూల్ టీమ్‌కి సెలెక్ట్ అయితే ఇంట్లో ఎంత సందడో మీకు తెలుసు. కొత్త జెర్సీ, కొత్త బూట్లు, వాట్సాప్ స్టేటస్. కానీ మ్యాచ్ రోజు మనం సెలవు పెట్టుకుని గ్రౌండ్‌కి వెళ్తే, మన పిల్ల మొదటి నుంచి చివరి దాకా బయటే కూర్చుని ఉంటే? గత ఏడాది మా ఇంట్లో ఎదురైన ప్రశ్న ఇది. క్రికెట్ అయినా, కబడ్డీ అయినా, యాన్యువల్ డే డాన్స్ అయినా మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్. ఈ ఆట పరిచయం లేనివారి కోసం రెండు మాటలు చెబుతాను. టీమ్‌కి తొమ్మిది మంది, మ్యాచ్‌కి ఏడు ఇన్నింగ్స్. బ్యాటర్‌కి బంతి వేసే అమ్మాయి పిచ్చర్. చేతిని ఒక పూర్తి చుట్టు తిప్పి, నడుము కింది నుంచి బంతి వదలాలి. అంతర్జాతీయ మహిళల మ్యాచ్‌లలో పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కి 43 అడుగులు. ఆ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, అంటే రెండు జానలకు కొంచెం తక్కువ. బంతి దాని మీదుగా, బ్యాటర్ మోకాళ్లకీ చంకలకీ మధ్యలో వెళ్తే స్ట్రైక్. బయటికి పోయిన బంతిని బ్యాటర్ వదిలేస్తే అది ‘బాల్’. అలాంటివి నాలుగైతే బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్తుంది.

క్రికెట్‌లో ఓవర్ అవగానే బౌలర్ మారాలి. అందుకే ఐదారుగురికి బౌలింగ్ దొరుకుతుంది. సాఫ్ట్‌బాల్‌లో అలా కాదు, మ్యాచ్ మొత్తం ఒకే పిచ్చర్ వేయవచ్చు. టీమ్‌లో ఇద్దరు పిచ్చర్లు ఉంటే ఒకరు వేస్తారు, ఇంకొకరు చూస్తారు. మా అమ్మాయి చూసే అమ్మాయి. పోయిన సీజన్‌లో మూడు మ్యాచ్‌లకు కలిపి ఒక్క ఇన్నింగ్స్ ఆడింది. ఆ రోజు బండి మీద వెనక కూర్చుని మెల్లగా అంది: “డాడీ, తొమ్మిదిల మానేస్త. ఎట్లాగూ నాకు బాల్ ఇయ్యరు.”

ఇది చిన్న మాట కాదని మీకూ తెలుసు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 దాటితే అండర్-17. అక్కడ పదో తరగతి అమ్మాయిలతో పోటీ పడాలి. ఇటు ఫౌండేషన్ క్లాసులు, వీక్లీ టెస్టులు. ఆ వయసులో ఆట వదిలేసిన పిల్లలు తిరిగి గ్రౌండ్‌కి రావడం చాలా అరుదు.

బంధువులు ఒక సలహా ఇచ్చారు. “అంత ఫీజు కడుతున్నరు గదా, పోయి ప్రిన్సిపాల్‌ను అడగరాదు?” నేను ఆలోచించాను. మనం కట్టే ఫీజుకి గ్రౌండ్, సామాను, నేర్పే సార్ వస్తారు. అవి లేకపోతే అడగడం మన హక్కు. కానీ ఆ మొదటి పిచ్చర్ అమ్మాయి వాళ్ల నాన్న కూడా అంతే ఫీజు కడుతున్నాడు. పైగా నాన్న అడిగితే వచ్చిన బంతి అని మిగతా ఎనిమిది మంది పిల్లలకూ తెలిసిపోతుంది. అందరికంటే ముందు మా అమ్మాయికే తెలుస్తుంది.

అందుకే ఆమెనే అడిగాను: “నువ్వే సార్‌తోని మాట్లాడుతవా బిడ్డా?” రెండు రోజులు తీసుకుంది. ప్రశ్న ఎలా ఉండాలో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. “నన్నెందుకు ఆడిస్తలేరు” అంటే సార్ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. “సార్, నాకు బాల్ ఇయ్యాలంటే నేను ఇంకా ఏం నేర్చుకోవాలె?” అంటే ఆయన దారి చెబుతారు. మ్యాచ్ రోజు హడావుడిలో కాకుండా, ప్రాక్టీస్ అయ్యాక అడగమన్నాను.

పీఈటీ సార్ మూడు విషయాలు చెప్పారట. ఒకటి, స్పీడ్ చాలు, స్ట్రైకులు పడాలి. రెండు, బంతి వేశాక నిలబడిపోవద్దు. బ్యాటర్ బంట్ చేసి బంతిని ముందర పడేస్తే పరుగెత్తి అందుకోవాలి. మూడు, ఒక బ్యాటర్‌కి వాక్ ఇవ్వగానే ముఖం వాడిపోతోంది, ఆ దిగులుతో తర్వాతి బ్యాటర్‌కీ వాక్ పోతోంది. సార్ నోటి నుంచి వచ్చిన ఆ మూడు మాటలే మా ఇంటి సిలబస్ అయ్యాయి.

మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024లో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పరుగులో గడియారమే తీర్పు చెబుతుంది. సాఫ్ట్‌బాల్‌లో అలాంటి గడియారం లేదు. ఎవరు వేయాలో కోచ్ తన నమ్మకాన్ని బట్టి తేల్చుకోవాలి. కాబట్టి పిల్ల దగ్గర తన లెక్క ఉంటే మంచిది.

మేం ఇంటి కాంపౌండ్ గోడ మీద సుద్దతో 17 అంగుళాల వెడల్పు డబ్బా గీశాం. వారానికి మూడు రోజులు, రోజుకి 40 బంతులు. డబ్బాలో ఎన్ని పడ్డాయో తనే నోట్‌బుక్‌లో రాసుకునేది. మొదటి వారం 15 దాటలేదు. దసరా సెలవులు అయ్యేసరికి 24 పడుతున్నాయి. ఆదివారం పొద్దున సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లేవాళ్లం. నేను బంతి దొర్లించేవాణ్ణి, తను పరుగెత్తి అందుకుని ఫస్ట్ బేస్‌కి విసరాలి. ఫస్ట్ బేస్‌లో మా ఆవిడ. మూడో విషయానికి సారే ఒక పద్ధతి నేర్పారు. చెడ్డ బంతి పడితే వెనక్కి తిరగాలి, బంతి తుడవాలి, ఒక శ్వాస తీసుకోవాలి, మళ్లీ క్యాచర్ గ్లవ్‌నే చూడాలి. ఇందులో మన వంతు కూడా ఉంది. బంతి బయటికి పోగానే పిల్లలు మన వైపే చూస్తారు. మన ముఖం మామూలుగా ఉండాలి.

ఒక హెచ్చరిక. కింది నుంచి వేస్తారు కాబట్టి భుజానికి ఏమీ కాదనుకోవద్దు. నొప్పి అంటే ఆ రోజుకి ఆపేయడమే. జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లకు 413 బంతులు వేసి స్వర్ణం తెచ్చింది. అది వినడానికి గొప్ప కథ, మన పిల్లలకు టైమ్ టేబుల్ మాత్రం కాదు.

మా అమ్మాయికి నేను చెప్పింది ఆమె తర్వాతి కథ. టోక్యో ఒలింపిక్స్ ఫైనల్, 2021 జూలై 27. ఉయెనోకి అప్పుడు 39 ఏళ్లు. ఆరో ఇన్నింగ్స్‌లో అమెరికా ఒత్తిడి పెంచుతుంటే, జపాన్ కోచ్ 20 ఏళ్ల మియు గోటో చేతికి బంతి ఇచ్చింది. గోటో ఆ గండం దాటించింది. మొదట ఆడిన ప్లేయర్ బయటికి వెళ్లి ఒకసారి తిరిగి రావచ్చని సాఫ్ట్‌బాల్ రూల్ చెబుతుంది. అలా ఏడో ఇన్నింగ్స్‌లో ఉయెనోనే మళ్లీ వచ్చి ముగించింది. జపాన్ 2-0తో గెలిచింది. గోటో ఆ రోజు వేసింది కొద్ది బంతులే, కానీ అవి స్వర్ణం నిలబెట్టిన బంతులు. రెండో పిచ్చర్ అంటే ఖాళీగా ఉండే మనిషి కాదని మా అమ్మాయికి అర్థమైంది. బయట కూర్చున్నా మూడో ఇన్నింగ్స్ నుంచే వార్మప్ మొదలుపెట్టేది. రైట్ ఫీల్డ్‌లో ఆడటమూ నేర్చుకుంది. రెండు చోట్ల పనికొచ్చే పిల్లను తొమ్మిది మందిలోకి తీసుకోవడం ఏ సార్‌కైనా తేలిక.

ఈ సీజన్‌లో రెండు మ్యాచ్‌లు పూర్తిగా రైట్ ఫీల్డ్‌లో ఆడింది. ఇంకో మ్యాచ్‌లో నాలుగో ఇన్నింగ్స్‌లో, బేస్‌ల మీద ఇద్దరు ఉండగా, సార్ పిలిచి బంతి ఇచ్చారు. మొదటి బ్యాటర్‌కి వాక్. మూడు బేస్‌లూ నిండాయి. వెనక్కి తిరిగింది, బంతి తుడిచింది. ఒక పరుగు వచ్చింది, తర్వాత ముగ్గురూ అవుట్. సార్ తర్వాతి ఇన్నింగ్స్ కూడా ఆమెకే ఇచ్చారు.

మొదటి పిచ్చర్ ఇప్పటికీ ఆ అమ్మాయే. ఆమె బాగా వేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు ఇద్దరూ కలిసే వార్మప్ చేస్తున్నారు. మానేస్తానన్న మా అమ్మాయి, తొమ్మిదో తరగతి టైమ్ టేబుల్‌లో ప్రాక్టీస్‌కి ఎక్కడ చోటు దొరుకుతుందో తనే చూసుకుంటోంది.

మనం స్వయంగా వెళ్లి మాట్లాడాల్సిన సందర్భాలు లేవని కాదు. దెబ్బ తగిలినా, ఎవరైనా అవమానించినా, ప్రాక్టీసే జరగకపోయినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి. కానీ ఎవరు ఎంతసేపు ఆడాలనే ప్రశ్నను మాత్రం పిల్లలనే అడగనివ్వండి. ఈ వారం మీ అబ్బాయితోనో అమ్మాయితోనో ఆ ఒక్క ప్రశ్న కాగితం మీద రాయించండి. సార్ ఏం చెప్పారో విని, అందులో ఇంట్లో చేయగలిగింది ఒకటి ఎంచుకుని, రోజూ ఒక అరగంట వాళ్లతో గడపండి.