ఆధారము – ఆధేయము: కొత్తగూడలో ఒక గృహసాగరం

సముద్రతీరానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలపై నిలిచిన కొత్తగూడలో, ఒక గృహస్థు తన ఇంట సముద్రాన్ని ప్రతిష్ఠించాలని సంకల్పించాడు. బొటానికల్ గార్డెన్‌కు చేరువలో, బహుళ అంతస్తుల భవనంలో నాలుగవ అంతస్తు. వృత్తి సాఫ్ట్‌వేర్. ఇంట్లో వృద్ధురాలైన తల్లి, భార్య, పదేళ్ల కుమార్తె. 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల గాజు తొట్టెలో పగడపు దిబ్బను పోలిన జీవలోకాన్ని నిలపాలని అతని కోరిక.

భాగవతం అష్టమ స్కంధంలో దేవదానవులు మందరపర్వతాన్ని పెకలించారు. వాసుకిని త్రాడుగా ఒప్పించి, అమృతంలో భాగమిస్తామని మాట కూడా ఇచ్చారు. క్రింద ఏమున్నదని మాత్రం ఎవరూ విచారించలేదు. ఆధారం లేని గిరి మునిగింది. అప్పుడు గదా కూర్మావతారం! కొత్తగూడ ఇంట ఆ విచారణ మొదట చేసినది తల్లి. "నాయనా, ఇన్ని నీళ్లు ఈ మేడ మోస్తుందా?" అని ఆమె అడిగేవరకు గృహస్థు చేపల రంగులను గురించే ఆలోచిస్తున్నాడు.

లెక్క వేస్తే తొట్టెలో పట్టే నీరు సుమారు 850 లీటర్లు. ఉప్పునీరు మంచినీటికంటె కొంచెం బరువు. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు, దాని లోపల అమర్చే శుద్ధి తొట్టె కలిపితే మొత్తం 1,300 కిలోలు. ఇదంతా 15 చదరపు అడుగుల మేర మీద నిలవాలి. అంటే చదరపు మీటరుకు 900 కిలోలకు పైమాట. నివాస గృహాల గదులలో మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు 2 కిలో న్యూటన్లు, అనగా దాదాపు 200 కిలోల బరువును ఐ.ఎస్. 875 ప్రమాణం నిర్దేశిస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు భవనపు పటాలు చూచి, హాలు మధ్యలో అన్న ముచ్చటను అక్కడే ఆపివేశాడు. క్రింద దూలం ఉన్న గోడ వెంబడి స్థానం నిశ్చయమైంది. అందం కొంత తగ్గింది. క్రింది అంతస్తువారి నిద్ర భద్రమైంది.

స్టాండు నిర్మాణం ఈ వృత్తాంతంలో ముఖ్యభాగం. టేకుతో చేయించాలని గృహస్థు తలచాడు గాని, చివరకు 50 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టాలే స్థిరపడ్డాయి. వెల్డింగ్ మేస్త్రి గీసిచ్చిన బొమ్మను చూచి తల అడ్డంగా ఊపాడు. "సార్, బరువు అతుకు మీద పడొద్దు. పైపట్టీ పోయి కాలు మీద కూసోవాలె. అతుకు పట్టుకునేటందుకే, మోసేటందుకు కాదు" అన్నాడు. ప్రాచీన దేవాలయాలు కట్టిన స్థపతుల పద్ధతీ ఇదే. రాయి రాయి మీద కూర్చుంటుంది, బరువు తిన్నగా భూమికి దిగుతుంది. మేస్త్రి మాట ప్రకారం బొమ్మ మారింది. ఉప్పుకు ఇనుము తుప్పు పట్టకుండా ఎపాక్సీ రంగు వేశారు. రసమట్టం పెట్టి చూడగా నేల ఒక మూల 4 మిల్లీమీటర్లు దిగువగా ఉన్నది. నీటికి పక్షపాతం లేదు, పల్లమెటు ఉంటే అటే ఒత్తుతుంది. గాజు అంచు మీద ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి పడితే అతుకు విడుతుంది. ఆ కాలి క్రింద ఇనుప రేకులు పెట్టి సరిచేసి, పైన మెరైన్ ప్లైవుడ్, దానిపై థర్మోకోల్ షీటు పరచి తొట్టెను దింపారు. ఇప్పుడు తలుపులు బిగించాక ఆ ఇనుము ఎవరికీ కనబడదు. వచ్చినవారందరూ గాజునే మెచ్చుకుంటారు.

నగరపు నీరు ఉన్నదున్నట్లుగా పగడపు లోకానికి పనికిరాదు. అందువల్ల యంత్రంతో శుద్ధి చేసిన నీటిలో లీటరుకు 35 గ్రాముల వంతున, మొత్తం మీద 35 కిలోల సముద్రలవణం కలిపారు. పంపు తిరుగుతుండగా నాయనమ్మ మనుమరాలికి ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతు కథ చెప్పింది. నీటిలో కరిగిన ఉప్పును పైనుండి, నడుమనుండి, అడుగునుండి రుచి చూడమని ఉద్దాలకుడు కుమారుణ్ణి ఆజ్ఞాపించాడు గదా! పిల్ల మూడు చోట్లా వేలు ముంచి చూచి, "అంతటా ఒకటే, నాన్నమ్మా" అన్నది. ఆవిరైపోయేది నీరు మాత్రమే, లవణం పోదు. కనుక ప్రతిదినం తగ్గినంత మేర మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయరాదు. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

తరువాత ఆరు వారాలు తొట్టెలో ఒక్క చేప లేదు. బంధువులు నవ్వారు. ప్రతిష్ఠకు ముందు విగ్రహాన్ని జలాధివాసంలో ఉంచే సంప్రదాయం తెలిసినవారికి ఈ నిరీక్షణ వింత కాదు. ఆ కాలంలో కంటికి కనబడని సూక్ష్మజీవులు రాతి రంధ్రాలలో వృద్ధి చెంది, ప్రాణాంతకమైన అమోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మారుస్తాయి. ఇనుప స్టాండు క్రింది ఆధారమైతే ఇది లోపలి ఆధారం.

అసలు పరీక్ష పగడాల వద్ద వచ్చింది. పగడం రాయి కాదు, జీవి. దాని దేహంలో నివసించే సూక్ష్మమైన శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి దానికిస్తాయి, అది వాటికి ఆశ్రయమిస్తుంది. నీరు మితిమీరి వేడెక్కితే ఈ మైత్రి చెడి పగడం తెల్లబారుతుంది. (కుజునికై ఉంగరంలో ధరించే ఎర్రపగడం వేరొక జాతి, అయినా అదీ ఒక ప్రాణి అస్థియే.) మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ తీరాలలో దిబ్బలు కట్టే పగడాలను 2001లో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉన్నది. ఒక వర్తకుడు రహస్యంగా తెప్పిస్తానన్నాడు. "ఇంట్లో ఉన్నది ఎవరు చూస్తారు సార్?" అన్నాడు.

గృహస్థు రెండు రాత్రులు ఆలోచించాడు. దీపాలు, పంపులు అన్నీ పగడాల కోసమే కొన్నవి. కుమార్తె వాటి బొమ్మలు గీసి గోడకు అంటించింది. ప్రేమతో పెంచుతాము గదా అన్న వాదం కూడా మనస్సులో మెదిలింది. పరుల తోటలో దొంగిలించిన పువ్వు పూజకు పనికిరాదని పెద్దలు చెబుతారు; భక్తి ఎంత ఉన్నా ఆ పువ్వు దోషం పోదు. అతడు వద్దన్నాడు. కృత్రిమ శిలలతోనే దిబ్బ కట్టాడు. పిల్ల ఆ సాయంత్రం అన్నం తినలేదు.

చేపల విషయంలోనూ అదే నియమం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే విధానాన్ని రూపొందించింది. సముద్రం నుండి పట్టినవి కాక, అలా పెంపకంలో పుట్టిన జంటను తెచ్చారు. సత్యవ్రతుని దోసిట పడిన చిరుచేప పెద్దచేపల భయం చెప్పుకుని శరణు కోరింది. కమండలువు, గంగాళం, సరస్సు, ఏదీ దానికి చాలలేదు. తొట్టె చాలని జాతులు దుకాణంలో చిన్నవిగానే కనబడతాయి. వాటిని, చిన్నవాటిని మింగేవాటిని తేలేదు. మత్స్యన్యాయం నాలుగు గాజు పలకల మధ్య మరీ క్రూరం, పారిపోవడానికి చోటుండదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పదవ వంతు నీరు మార్చడం, వేసవిలో చిల్లర్‌తో 26 డిగ్రీలు నిలపడం, కరెంటు పోతే ఇన్వర్టరు చూసుకోవడం నిత్యకృత్యాలు. ప్రతిష్ఠ చేసినవాడు నిత్యనైవేద్యం మానరాదు. తల్లి కాశీయాత్ర ఈ కారణంగా రెండుసార్లు వాయిదా పడింది; ఆమె ఏమీ అనలేదు, అదే అతనికి బాధ. అర్చకుడు ఊరు వెళ్లవలసి వస్తే మరొకరికి అప్పగించి వెళ్లినట్లు, అతడు ఎదురింటి విశ్రాంత ఉపాధ్యాయునికి నెల రోజులు దగ్గరుండి అన్నీ నేర్పాడు. ఎంత మేత వేయాలో, ఏ గుర్తు దాకా మంచినీరు పోయాలో కాగితం మీద వ్రాసి స్టాండు తలుపు లోపల అంటించాడు. కార్తికమాసానికి ముగ్గురు పెద్దలకు, ఒక పిల్లకు కాశీకి టికెట్లు తీశారు.