నిజ్వా కోట, మా వాడి నోటుపుస్తకం

నిజ్వా నుంచి ఇబ్రి, అల్ ఐన్ మీదుగా అబుధాబి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. "బొమ్మల పుస్తకాల తిరునాళ్ల కోసం అంత దూరమా!" అంది మా ఆవిడ. 2012లో దుబాయ్‌లో మొదలై, 2022లో అబుధాబికి మారిన మిడిల్ ఈస్ట్ ఫిల్మ్ అండ్ కామిక్ కాన్ అది. పన్నెండేళ్ల మా అబ్బాయి నుదుటికి నరుటో పట్టీ కట్టుకుని బయల్దేరాడు.

లోపల ఎటు చూసినా పగటి వేషాలే! చిత్రకారుల బల్లల దగ్గర మా వాడు ఒకావిడకి తన నోటుపుస్తకం చూపించాడు. నాకెప్పుడూ చూపించలేదు. "బొమ్మలు ఆపి లెక్కలు చెయ్యి" అనే నాన్నకి ఎలా చూపిస్తాడు?

తొంగి చూశాను. మన నిజ్వా కోట! 17వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన గుండ్రటి బురుజు. మెట్లదారిలో, పైకప్పు కంతల్లోంచి శత్రువుల మీద మరిగే ఖర్జూరపు పాకం పోస్తున్న సైనికులు.

"మేకల సంత చూసి కోటకెళ్లాం కదా నాన్నా, ఆ రోజు వేశా."

ఆ రోజు నేను కోటలో ఫోన్ పట్టుకుని ఆఫీసు పనిలో ఉన్నాను.

ఇంటికొచ్చాక, దాచుకున్న పాత చందమామ తీశాను. శంకర్ గారి విక్రమార్కుణ్ణి చాలాసేపు చూసి, "కింద ఏం రాసుంది?" అన్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు. తప్పు నాదే.

ఇప్పుడు శుక్రవారాలు ఒక బేతాళ కథ చదువుకుంటున్నాం. తన కోట బొమ్మలకి మాటలు తెలుగులోనే రాస్తానన్నాడు. "పాకం" అని రాయడానికి మూడుసార్లు అడిగాడు.