మోత

పాత కారును విడువని యజమానికి చెవులే కన్నులు. కొత్త బండి కొన్నవాడు రంగును చూచి మురియును. పదునెనిమిదేండ్లు ఒకే బండిని నడపినవాడు చప్పుడును విని మేలుకొనును. ఇంజను ఎట్లు పలుకవలెనో, తలుపు ఎట్లు మూతపడవలెనో, ఏ గుంతలో ఏ రేకు అదరునో అతనికి కంఠోపాఠము. ఆ పరిచితమైన సందడిలో కొత్త ధ్వని ఒకటి చేరినయెడల, బంధువుల నడుమ అపరిచితుడు వచ్చి కూర్చున్నట్లు వెంటనే తెలిసిపోవును.

చెన్నపట్టణమున ఒక విశ్రాంత రైల్వే గుమాస్తాకు తన మారుతి 800 లో అట్టి ధ్వని వినవచ్చెను. ముందువైపు కుడి చక్రము గుంతలో దిగినప్పుడెల్ల ఎవరో తలుపు తట్టినట్లు ‘టక్కు’మనును. నిలిచియున్న బండిలో స్టీరింగు త్రిప్పినచో ఏదో మూలిగి, ఒక్క కుదుపుతో విడివడును. ఆయన దానిని రెండు మాసములు సహించెను. సహింపలేనిది ఆయన భార్య దేహము. ఆమె వారమునకు మూడు మారులు డయాలిసిస్ కొరకు ఆసుపత్రికి పోవలెను. దారిలో ఆమె ఏమియు అనదు. గుంత రాకముందే తలుపు పిడిని గట్టిగా పట్టుకొనును. ఆ చేతిని ఒకనాడు గమనించిన పిదప ఆ పనిని వాయిదా వేయుటకు ఆయనకు మనసొప్పలేదు.

ఆ చప్పుడునకు మూలము చక్రము కడ లేదు. దానికి పైన, బానెట్టు క్రింద కలదు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు రూపొందించిన స్ట్రట్ పద్ధతి 1950 దశాబ్ది ఆరంభమున బ్రిటన్‌లోని ఫోర్డ్ కాన్సల్, జెఫర్ కార్లతో ప్రసిద్ధికెక్కెను. షాక్ అబ్సార్బరును, దానిచుట్టు స్ప్రింగును ఒక్క నిలువు స్తంభముగా కూర్చి, అడుగున చక్రపు భాగమునకు, పైన కారు దేహమునకు బిగించుట దాని సూత్రము. అంబాసిడరు ముందు టార్షన్ బార్లతో, వెనుక ఆకు స్ప్రింగులతో దశాబ్దముల తరబడి ఈ దేశపు బరువును మోసెను. 1983 డిసెంబరులో గుర్‌గావ్ నుండి వెలువడిన మారుతి 800 ఈ తేలికపాటి స్తంభమును సామాన్య గృహస్థుని వాకిటికి తెచ్చెను. స్తంభపు తల కారు దేహమును కలియుచోట అరచేతిలో ఇముడునంతటి బిళ్ళ ఒకటి ఉండును: లోహమునకు అంటించిన రబ్బరు, దానితో కూడ ఒక బేరింగు. అదియే స్ట్రట్ మౌంటు. రోడ్డు కొట్టిన దెబ్బ మనుష్యులను చేరకముందు కడపట దానికే తగులును. స్టీరింగు త్రిప్పినపుడు స్తంభమంతయు దాని యాధారముననే తిరుగును.

రబ్బరునకు వాడుక మాత్రమే కాదు, కాలము కూడ శత్రువే. ఇంజను వేడికి, గాలిలోని ఓజోనుకు అది గట్టిపడి చిట్లును. తుదకు లోహమునుండి ఊడును. బేరింగు పట్టివేసినయెడల స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా విడివడును. స్టీరింగు తనంత తాను నడుమకు రాదు. వీధి చివరి మెకానిక్కు పనివానిచే స్టీరింగు త్రిప్పించి, మౌంటుపై వ్రేళ్ళు ఉంచి క్షణకాలము కన్నులు మూసికొనెను. “అయ్యా, ఇక్కడనే ఎగురుచున్నది. రెండువైపులా మార్చవలెను” అనెను.

పరదేశమునందున్న కుమారుడు ఫోనులో, “నాన్నగారూ, ఆ బండికి ఇంక పైకము పోయకండి, అమ్మివేయండి” అనెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. పదునైదేండ్లు నిండిన సొంత కారునకు రిజిస్ట్రేషను మరల చేయించినచో అయిదేండ్ల గడువు వచ్చును. ఆ గడువులో మూడేండ్లు అప్పుడే గడచినవి. మారుతి 800 తయారీయే 2014 జనవరిలో ఆగిపోయినది. కాని తెల్లవారుజామున అయిదు గంటల వంతునకు రోగిని చేర్చుటకు, అలసిపోయిన ఆమెను మరల ఇంటికి తెచ్చుటకు, వాకిట నిలిచియున్న బండివంటి భరోసా ఆయనకు వేరొకటి కనబడలేదు. అరిగినది బండి కాదు, రెండు బిళ్ళలు మాత్రమే.

పుదుప్పేటలో పాత కార్లనుండి విప్పిన మౌంట్లు చవుకగా దొరకును. ఆయన ఒకదానిని చేతికి తీసికొని, గోటితో నొక్కి చూచి, తిరిగి ఇచ్చివేసెను. ఇనుమును పాతది కొనవచ్చును. అంగడిలో ఊరక పడియున్నను రబ్బరు ముదియుచునే యుండును. కొత్తవి రెండు కొనెను.

పని ఒక పూట పట్టెను. బండిని జాకీతో ఎత్తి స్టాండ్లపై నిలిపిరి. చక్రమును తీసి, బ్రేకు గొట్టమును స్తంభమునుండి విడిపించి, అడుగు బోల్టులకు గుర్తులు పెట్టి విప్పిరి. పై నట్లు విప్పి స్తంభమును వెలికి దించిరి. పనివాడు తొందరపడి నడుమనున్న పెద్ద నట్టుపై స్పానరు పెట్టగా మెకానిక్కు అతని చేయి పట్టుకొనెను. ఆ స్ప్రింగు కారు బరువును మోయు శక్తిని తనలో ముడుచుకొనియుండును. దానిని అణచకుండ ఆ నట్టు విప్పినచో మౌంటు ఎగిరి మనిషి ముఖమును చీల్చును. ఎదురెదురుగా రెండు కొక్కెములు తగిలించి, ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు త్రిప్పుచు, స్ప్రింగు పీటనుండి వదులైన పిమ్మటనే అతడు నట్టును ముట్టనిచ్చెను. తుదిని చక్రముల అలైన్‌మెంటు సరిచూపించి, “కొన్ని దినములు నడిపిన పిదప నట్లు మరల బిగింపించుడయ్యా” అని చెప్పెను.

కుడివైపు మౌంటులో రబ్బరు చీలి వ్రేలాడుచుండుట ఎవరికిని వింత కాలేదు. ఎడమవైపుది విప్పినపుడు మాత్రము ముసలాయన దానిని చాలసేపు చేతిలో ఉంచుకొనెను. ఒక్కనాడైనను చప్పుడు చేయని ఆ బిళ్ళ కూడ చుట్టును పగిలి, లోహమునుండి సగము విడిపోయి యుండెను.

ఆ రాత్రి ఆయన భార్య మంచము ప్రక్కన కూర్చుండి, ఆసుపత్రినుండి వచ్చిన పిదప దేహము ఎట్లుండునని అడిగెను. అంతవరకు ఆమె చెప్పలేదు గనుక ఆయన అడుగలేదు. ఆమె చెప్పుటకు చాలసేపు పట్టినది.