రెండో హీరో కష్టాలు

సీక్వెల్ అంటేనే మనకు కాస్త చిన్నచూపు. మొదటిది ఆడింది కదా అని ఇంకోటి చుట్టేశారులే అనుకుంటాం. నేనూ అంతే. అలాంటిది ఓ యాభై ఏళ్ళ నాటి రోబో సీక్వెల్ చూసి, రాత్రి రెండింటికి ల్యాప్‌టాప్ మూసేసి, నిద్ర పట్టక బాల్కనీలో కూర్చున్నా. దానికి కారణం రోబోలు కాదు లెండి. అది తర్వాత చెప్తా, ముందు కథ.

1972లో గో నగాయి అనే జపాన్ మాంగా రచయిత ‘మాజింగర్ జెడ్’ మొదలుపెట్టాడు. అంతకుముందు ‘తెత్సుజిన్ 28’ లాంటి రోబోలని బయట నిలబడి రిమోట్‌తో నడిపేవాళ్ళు. నగాయి ఏం చేశాడంటే, కుర్రాడిని తీసుకెళ్ళి ఏకంగా రోబో తలలోనే కూర్చోబెట్టాడు. ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నప్పుడు, ఈ కారుకి కాళ్ళొచ్చి ముందున్నవాటిని దాటేస్తే బాగుండునని అనిపించి, అలా ఈ ఆలోచన తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. సాయంత్రం ఆరింటికి ఐటీ కారిడార్‌లో ఇరుక్కున్న ఎవరికైనా ఆ బాధ అర్థమవుతుంది. మనకి హారన్ కొట్టాలనిపిస్తుంది, ఆయనకి కథ తట్టింది, అంతే తేడా.

టీవీలో అది 92 వారాలు నడిచింది. 1974 సెప్టెంబరులో చివరి ఎపిసోడ్. అందులో కొత్త శత్రువులొచ్చి మాజింగర్ జెడ్‌ని ముక్కలు ముక్కలు చేస్తారు. ఇక అయిపోయిందనుకునే టైములో ఆకాశం నుంచి ఇంకో రోబో దిగి వాళ్ళని చిత్తు చేసి పోతుంది. మరుసటి వారమే ఆ కొత్త రోబో పేరుతో ‘గ్రేట్ మాజింగర్’ మొదలు. మాంగా కూడా పక్కనే ‘టీవీ మ్యాగజైన్’ అనే పిల్లల మాసపత్రికలో నడిచింది. పాత హీరో కోజీ కబూతో చదువుకి అమెరికా వెళ్ళిపోతాడు. కొత్త హీరో పేరు తెత్సుయా త్సురుగి.

మన భాషలో చెప్పాలంటే ఇది పక్కా వెర్షన్ 2.0. పాత రోబో 18 మీటర్లు, ఇది 25. పాతదానికి మొదట్లో ఎగరడం రాదు, 34వ ఎపిసోడ్‌లో రెక్కలు తెచ్చి తగిలించారు, అంటే ప్యాచ్ అన్నమాట. దీనికి రెక్కలు డిజైన్‌లోనే ఉన్నాయి. చేతిలో కత్తి, పిలిస్తే పిడుగు. రిక్వైర్‌మెంట్స్ అన్నీ ముందే తెలిసి రాసిన కోడ్ ఎంత శుభ్రంగా ఉంటుందో అంత శుభ్రంగా ఉంటుంది.

లోపాలు లేవా అంటే బోలెడు. మొదటి కథలో విలన్ డాక్టర్ హెల్‌కి ఓ పిచ్చి ఉంది, సగం మగ సగం ఆడ అయిన బారన్ అషురా ఉంది, చూస్తే మర్చిపోలేం. ఇందులో మైసీనే సామ్రాజ్యం అని ఏడు సైన్యాలు, వాటికి ఏడుగురు సేనాధిపతులు.. ఆర్గ్ చార్ట్ పెద్దదే గానీ మనుషులు గుర్తుండరు. ఉన్నవాళ్ళలో మర్యాదస్తుడు, అసలైన యోధుడు చీకటి మహాసేనాని. అతన్ని మధ్యలోనే చంపేశారు. ఆ ఖాళీలో ఎవర్ని పెట్టారో తెలుసా? చచ్చిపోయిన డాక్టర్ హెల్‌నే కొత్త వేషం వేసి లేపి తెచ్చారు! అక్కణ్ణుంచి కథ కొంత దూరం ఈడ్చినట్టే ఉంటుంది. మాంగా సంగతి ఇంకోటి. నగాయి గీసిన విధ్వంసం పేజీలకి పేజీలు కళ్ళు తిప్పుకోనివ్వదు గానీ, నెలకో భాగం చొప్పున పిల్లల పత్రికకి గీసిన కథలో మనుషులకి చోటు తక్కువ. ఆ చోటు టీవీ 56 ఎపిసోడ్లలోనే దొరికింది.

జున్ హోనో అనే అమ్మాయిది కూడా అదే గొడవ. జపాన్ తల్లికి, నల్లజాతి అమెరికన్ తండ్రికి పుట్టిన అనాథ. 1974లో పిల్లల కార్యక్రమంలో అలాంటి పాత్రని పెట్టి, ఆమె ఒంటి రంగు గురించి పడ్డ మాటలు కూడా చూపించడం చిన్న విషయం కాదు. కానీ యుద్ధానికొచ్చేసరికి ఆమె రోబో వీనస్ ఏ పని ఎక్కువసార్లు దెబ్బలు తినడమే.

ఇన్ని లోపాలున్నా దీన్ని నిలబెట్టింది ఒక్క తెత్సుయా. కోజీకి రోబో తాతగారి ఆస్తిగా వచ్చింది. తెత్సుయా అనాథ. కోజీ తండ్రి కెంజో కబూతో అతన్ని చిన్నప్పటినుంచి పెంచి, పైలట్‌గా తయారు చేశాడు. ఆట లేదు, పాట లేదు, రోజూ ట్రైనింగే. ఆ కష్టానికి అతనికి దక్కింది ఒక్కటే, కెంజోని తండ్రి అనుకునే హక్కు. సరిగ్గా ముగింపు దగ్గర కోజీ అమెరికా నుంచి దిగుతాడు. అసలు కొడుకు వచ్చేశాడు! తెత్సుయా అసూయతో రగిలిపోతాడు, మాట వినడు, తనేంటో చూపిద్దామని పోయి చిక్కుల్లో పడతాడు. అతన్ని కాపాడటానికి కెంజో తన పరిశోధనా కేంద్రాన్నే తీసుకెళ్ళి శత్రువు కోటకి గుద్ది చచ్చిపోతాడు.

పిల్లల కార్యక్రమంలో హీరో తప్పు వల్ల పెద్దాయన పోవడం ఏంటండీ?

నేను ల్యాప్‌టాప్ మూసింది అక్కడే.

మా ప్రాజెక్టులో నేను కాలేజీ నుంచి నేరుగా వచ్చి చేరా. పని నేర్పింది మా లీడ్, నేను అన్నా అనేవాణ్ణి. నాలుగేళ్ళు రాత్రి సపోర్టు చేశా. మొదటి వెర్షన్ రాసిన సీనియర్ రెండేళ్ళు ఆన్‌సైట్ ఉండి తిరిగొచ్చాడు, కొత్త వెర్షన్ డిజైన్ మొత్తం అతని చేతికి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది. రిలీజ్ రాత్రి పదకొండున్నరకి గ్రూపులో అతను అడిగాడు, ఇంకేమైనా ఆపాలా అని. అర్ధరాత్రి నడిచే ఒక బ్యాచ్ జాబ్ ఆపాలి. అది ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు, నా బుర్రలో ఉంది. మెసేజ్ చూశా. సమాధానం ఇవ్వలేదు. పైగా ఇంట్లో కూర్చుని మానిటర్ తెరిచి చూస్తూ ఉన్నా, ఏం జరుగుతుందో అని.

జాబ్ రెండుసార్లు నడిచింది, ఎంట్రీలన్నీ డబుల్ అయ్యాయి. సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. క్లయింట్ కాల్‌లో అన్న ఒక్కటే మాట అన్నాడు, ప్లానింగ్ తప్పు నాదే అని. ఆ ఏడాది అతనికి రేటింగ్ పడిపోయింది. తర్వాత కొన్నాళ్ళకి మానేసి వెళ్ళిపోయాడు. ఎవ్వరికీ ఏమీ తెలియదనే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నా.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశా. రోబో కథ చెప్పి చుట్టూ తిప్పి మొత్తానికి అసలు సంగతి చెప్పా. అటు వైపు కాసేపు చప్పుడు లేదు. “ఆ రాత్రి పన్నెండూ పదికి మానిటర్‌లో నీ లాగిన్ చూశాలే తమ్ముడూ. నువ్వే వచ్చి చెప్తావని నెల రోజులు చూశా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

క్షమించాడా అంటే నాకు తెలీదు. పిల్లల బడి టైమైందని ఫోన్ పెట్టేశాడు.

గ్రేట్ మాజింగర్ తర్వాత వచ్చిన ‘గ్రెండైజర్’ సీరియల్‌లో కోజీ ఉన్నాడు, తెత్సుయా ఊసే లేదు. ఇన్నేళ్ళకి 2017లో వచ్చిన ‘మాజింగర్ జెడ్: ఇన్ఫినిటీ’ సినిమాలో మాత్రం కనిపిస్తాడు. కోజీ శాస్త్రవేత్త అయిపోయాడు. తెత్సుయా జున్‌ని పెళ్ళి చేసుకున్నాడు, తండ్రి కాబోతున్నాడు, ఇంకా అదే రోబో నడుపుతున్నాడు. దిగులుగా ఏమీ లేడు. తన పని తను చేసుకుంటున్నాడు.

చూడాలనుకుంటే మొదట్లో పది ఎపిసోడ్లు, తర్వాత చీకటి మహాసేనాని ఆఖరి యుద్ధం, చివర్లో కోజీ తిరిగొచ్చిన దగ్గర్నుంచి అన్నీ చూడండి. మధ్యలోవి వదిలేసినా నష్టం లేదు.

నేను మాత్రం సోమవారం ఆఫీసుకెళ్ళగానే ఆ బ్యాచ్ జాబ్ సంగతి డాక్యుమెంట్‌లో రాశా. ఆ సీనియర్‌కి కూడా చెప్పాలి. ఇంకా చెప్పలేదు.