రాత్రి రెండింటికి అడిగే ప్రశ్న

వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలు అసలు ప్రశ్నను రౌండ్స్‌లో అడగరు. రాత్రి రెండింటికి, పక్కకు తిప్పడానికి వచ్చిన నర్సును అడుగుతారు.

మామిడిచెట్టు మీంచి పడ్డ ఒక పదిహేనేళ్ల కుర్రాడూ అంతే. ఛాతీ నాలుగో వెన్నుపూస దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది. "పిల్లగానికి చెప్పకుండ్రి సార్, ఎక్సర్‌సైజులు చేస్తే నడుస్తవని చెప్పినం" అని తండ్రి డాక్టరును బతిమాలాడు. డాక్టరు చూసిన చాలా కుటుంబాలు ఇలాగే మొదలుపెడతాయి. అది ప్రేమే. కానీ ఆ అబద్ధాన్ని మోయాల్సింది నైట్‌డ్యూటీ నర్సు. "సిస్టర్, నా కాళ్లు ఎప్పుడొస్తయ్?" అంటే, "రేపు సార్‌ను అడుగుదాం" అందామె. మర్నాటి నుంచి వాడు యూరిన్ పైపు వేసుకోవడం నేర్చుకోనని మొండికేశాడు. ఎలాగూ నడిచేవాడికి అదెందుకు? వాడి ఆలోచనలో తప్పేం లేదు.

రాత్రిళ్లు నర్సు వచ్చి పక్కకు తిప్పడం చిన్న పని కాదు. ఒకప్పుడు ఇలాంటివాళ్లలో ఎక్కువమంది ఒత్తిడి పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో చనిపోయేవారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ రెండు గంటలకోసారి రోగుల్ని తిప్పించడం పట్టుదలగా అమలుచేసి ఆ తీరు మార్చాడు.

డాక్టరు తల్లిదండ్రులను ఒప్పించి, నర్సునూ పక్కన కూర్చోబెట్టుకుని పిల్లాడికే చెప్పాడు: "కాళ్లలో బలం వచ్చే అవకాశం చాలా తక్కువ. చేతులు బాగున్నాయి. వీల్‌చైర్‌లో బడికి పోతావు." తల్లి ఏడ్చింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది పదో తరగతి పరీక్షల గురించి. డాక్టరు చెప్పిన మాటనే నర్సు డ్యూటీ పుస్తకంలో రాసింది, ఏ షిఫ్టులో ఎవరిని అడిగినా ఒకే జవాబు దొరికేలా.

అప్పటిదాకా తల్లే పైపు వేసేది. ఆ సమయంలో కుర్రాడు దుప్పటి ముఖం మీదికి లాక్కోవడం గమనించింది కూడా నర్సే. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చేయాల్సిన ఆ పని వాడికే నేర్పింది. చర్మం ఎర్రబడిందేమో అద్దంలో చూసుకోవడమూ నేర్పింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు హెడ్మాస్టరుకు ఉత్తరం రాశాడు: ఉన్నట్టుండి తలనొప్పి, ముఖాన చెమటలు వస్తే నిటారుగా కూర్చోబెట్టండి, బట్టలు వదులు చేయండి, మూత్రాశయం నిండిందేమో చూడండి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవి బీపీ పెరిగిన గుర్తులు; వీడి బీపీ మామూలుగానే తక్కువ, పై అంకె 130 చూసి ఫర్వాలేదనుకోకండి.